కారం, మీగడ ఒకే గిన్నెలో

తెలుగు భోజనంలో కారాన్నీ పాడినీ కలిపేది తినేవాళ్ల చెయ్యి. ఆవకాయ అన్నంలో ఎంత నెయ్యి పడాలో, పక్కన ముద్దపప్పు ఎంత ఉండాలో, పెరుగన్నం మధ్యలో చల్లమిరపకాయ ఎప్పుడు కొరకాలో వడ్డించేవాళ్లు నిర్ణయించరు. గోంగూర మరీ ఘాటుగా అనిపిస్తే ఇంకాస్త వెన్న అడిగి వేయించుకుంటారు. జొన్న అంబలి తాగేవాళ్లు అందులో మజ్జిగ కలుపుకుంటారు గానీ పచ్చిమిరపకాయను చేతిలోనే ఉంచుకుంటారు. ఒక గుక్క, ఒక కొరుకు. మంట, చల్లదనం రెండూ విడివిడిగా కంచంలోకి వస్తాయి. ఎవరి నాలుకకు సరిపడా వాళ్లు సర్దుకుంటారు. ఆరేళ్ల పిల్లకూ అరవై దాటిన తాతకూ ఒకే వంట సరిపోవడం వెనక ఉన్న సంగతి ఇదే.

మీగడా, చీజూ, మిరపా కలిపి కాచే సూప్ ఈ ఏర్పాటును మార్చేస్తుంది. ఇందులో ఆ సర్దుబాటంతా పొయ్యి మీదే జరిగిపోవాలి. గిన్నె దించే సమయానికి ఎంత కారం, ఎంత కమ్మదనం అన్నది తేలిపోయి ఉంటుంది. తినేవాళ్ల చేతికి చెంచా ఒక్కటే మిగులుతుంది. వండేవాళ్ల మీద ఇంత భారం మన చారు పెట్టదు, పప్పు పెట్టదు. పైగా మరో ప్రమాదం ఉంది. కంచంలో కలిసిన పెరుగూ పచ్చడీ విరిగిపోవు. పొయ్యి మీద కలిసిన పాలూ పులుపూ విరిగిపోతాయి.

అయినా చలికాలం వచ్చేసరికి సికింద్రాబాద్‌లో మారేడ్‌పల్లిలోనో, పద్మారావునగర్‌లోనో, సైనిక్‌పురిలోనో ఏదో ఒక వంటింట్లో ఈ సూప్ ఉడుకుతూనే ఉంటుంది. మోండా మార్కెట్‌లో మక్క కంకులు, క్యారెట్లు, ఆకులతో సహా వచ్చే ఉల్లికాడలు కొనుక్కుని, అదే దారిలో ఒక చీజ్ డబ్బా తీసుకుని ఇంటికి వెళ్లేవాళ్లకు ఇది పరాయి వంట అన్న ఆలోచన రాదు. రాకపోవడానికి ఆ ఊరి చరిత్రలో గట్టి ఆధారమే ఉంది.

సికింద్రాబాద్ పుట్టుకలోనే గిన్నే చెంచా ఉన్నాయి. 1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒప్పందంతో హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సైన్యం గుడారాలు వేసింది. 1806లో ఆ దండు ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అక్కడ మకాం వేసిన పటాలాలు మద్రాసు సైన్యానివి. మద్రాసు దొరలకు అప్పటికే ములిగటానీ అనే సూప్ అలవాటైంది. మన మిరియాల చారుకు అన్నదమ్ముల వరసయ్యే తమిళుల మిళగు తణ్ణీరే దానికి మూలం. దొరల వంటవాళ్లు అందులో మాంసం, వేయించిన ఉల్లి, కూరపొడి, కొన్నిచోట్ల కొబ్బరిపాలు చేర్చి చిక్కబరిచారు. మద్రాసు ఇలాకాలో పనిచేసే ఇంగ్లిషువాళ్లకు ఆ సూప్ పేరు మీదుగానే ‘మల్స్’ అని ముద్దుపేరు స్థిరపడిందని 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. ఒక సూప్ పేరుతో ఒక ఉద్యోగ వర్గాన్ని పిలవడం చిన్న విషయమేమీ కాదు.

మద్రాసు సైన్యంలోనే పనిచేసిన కల్నల్ కెన్నీ హెర్బర్ట్ ‘వైవర్న్’ అనే కలం పేరుతో 1878లో ‘కల్నరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్’ అనే వంట పుస్తకం రాశాడు. అందులో కూరలతో పాటు ములిగటానీకీ చోటిచ్చి వివరంగా చర్చించాడు. సికింద్రాబాద్ క్లబ్ మొదలైంది కూడా అదే ఏడాది. ములిగటానీని వడ్డించే పద్ధతిలో గమనించదగ్గ విషయం ఒకటుంది. చిక్కటి సూప్ గిన్నెలో వస్తుంది. ఉడికిన అన్నం, నిమ్మచెక్క పక్కన విడిగా వస్తాయి. ఎంత అన్నం వేసుకోవాలి, ఎంత పులుపు పిండుకోవాలి అన్నది బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల ఇష్టం. వంట దొరల బల్ల ఎక్కినా కంచం దగ్గరి ఈ స్వేచ్ఛ పూర్తిగా పోలేదు.

1874లో వాడి నుంచి రైలు మార్గం సికింద్రాబాద్ చేరింది. ఆ తర్వాత లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్ల వంటింట్లో పెప్పర్ వాటర్ రోజువారీ వంట. చింతపండు, టమాటా, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. పక్కింటి తెలుగువాళ్లు దాన్ని చూసి చారు అనే అనుకునేంత దగ్గర. పై క్వార్టర్‌లో చారూ, కింది క్వార్టర్‌లో పెప్పర్ వాటరూ ఒకే సమయానికి పోపు వాసన వేసే వీధులు ఆ ఊళ్లో తరాల పాటు ఉన్నాయి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, దాని కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌కే వచ్చింది. ఈ ఊరి నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్లే రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి భోజనానికి ముందు టమాటా సూప్, పుల్లలాంటి కరకర రొట్టె, చిన్న వెన్న పొట్లం, ఉప్పూ మిరియాల పొట్లాలు ఇవ్వడం ఎందరికో గుర్తు. కదిలే రైల్లో ఆ మిరియాల పొట్లం చింపి, మూత తీసిన కప్పులో సగం చల్లి, రుచి చూసి, మిగతా సగం చల్లే ప్రయాణికుడు తెలియకుండానే ఆవకాయలో నెయ్యి కలుపుకునే పనే చేస్తున్నాడు.

వీటిలో చాలావరకు నీళ్ల సూపులు, పులుపు సూపులు. పాల చిక్కదనమూ కారమూ ఒకే గిన్నెలో చూపించినది మాత్రం హైదరాబాద్ పెళ్లిళ్లలో వడ్డించే మరగ్.

ఎముకతో ఉన్న లేత మాంసాన్ని అల్లం వెల్లుల్లితో గంటల తరబడి సన్న సెగ మీద ఉడికించి, ఆ రసంలో జీడిపప్పు ముద్ద, పాలు లేక మీగడ కలుపుతారు. రంగు తెల్లగానే ఉంటుంది. చూసినవాళ్లు చప్పగా ఉంటుందనుకుంటారు. నోట్లో పెట్టుకున్నాక గానీ చీల్చి వేసిన పచ్చిమిర్చీ, మిరియాలూ, తోకమిరియాలూ తెలియవు. యెమెన్‌లో మాంసం రసాన్ని మరక్ అనే అంటారు. నిజాము కొలువులో సైనికులుగా చేరిన హద్రమౌత్ అరబ్బుల వారసులు నేటికీ హైదరాబాద్‌లోని బార్కస్‌లో ఉన్నారు. యెమెన్ మరక్‌కు దక్కన్‌లో జీడిపప్పు, మీగడ, పచ్చిమిర్చి తోడై మరగ్ అయింది. ఇందులో ఎర్ర కారప్పొడి పడదు. అది పడితే రంగు చెడుతుంది. అందుకే కారాన్ని కనబడకుండా ఎక్కించడం ఆ వంటలోని పనితనం. విందులో వందల మందికి ఒకే దేగ్ నుంచి వడ్డించే వంట కాబట్టి ఎంత కారం ఉండాలన్నది బావర్చీ ఒక్కడే తేల్చాలి. ఇంట్లో మీగడ సూప్ కాచేవాళ్లు ఎవరి దగ్గరైనా పాఠం నేర్చుకోవాలంటే ఆ బావర్చీ దగ్గరే నేర్చుకోవాలి.

అయితే ఆ దేగ్‌లో చీజ్ లేదు. చీజ్ మన వంటింటికి చాలా ఆలస్యంగా వచ్చింది.

తెలుగు ఇళ్లలో పాలంటే ప్రధానంగా గేదె పాలు. వాటితో పాలపొడి చేయడం కుదరదని యూరప్ నిపుణులు తేల్చేసిన రోజుల్లో, గుజరాత్‌లోని ఆనంద్‌లో హరిచంద్ మేఘా దలాయా దాన్ని చేసి చూపించారు. 1955లో ప్రారంభమైన అక్కడి కర్మాగారం ఆ తర్వాత కొన్నేళ్లకే గేదె పాల చీజ్‌నూ మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ సికింద్రాబాద్ వీధి చివరి కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో వెన్న పక్కన కనిపించే 25 గ్రాముల చీజ్ ముక్కల వెనక ఆ కథ ఉంది. ఆ ముక్క పసుపు రంగుకు చాలా కంపెనీలు వాడేది అనాటో. మన ఉత్తరాంధ్ర మన్యంలోనూ పండే జాఫ్రా గింజల రంగే అది.

ఈ ముక్క సూప్‌లో కరిగే తీరును కాస్త దగ్గర నుంచి చూడాలి. పన్నీరును ఎంతసేపు మరిగించినా కరగదు, గట్టిపడుతుంది. కారణం, దాన్ని నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరగ్గొట్టి చేస్తారు. ఆ పులుపు పాల మాంసకృత్తులను పట్టి ఉంచే సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, కరిగించి నీటిలోకి పంపేస్తుంది. తర్వాత ఆ కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, వేడికి విడిపోవు. చెడ్డార్ లాంటి చీజ్‌ను రెన్నెట్‌తో పేరబెట్టి, ఊరబెట్టి చేస్తారు కాబట్టి వేడికి మెత్తబడుతుంది. కానీ సెగ ఎక్కువైతే లోపలి కొవ్వు నూనెలా పైకి తేలి, అడుగున రబ్బరు ముద్ద మిగులుతుంది. స్విట్జర్లాండ్‌లోని థూన్ పట్టణంలో 1911లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు ఈ చిక్కు విప్పారు. చీజ్‌ను కరిగించేటప్పుడు సోడియం సిట్రేట్ చేరిస్తే అది కాల్షియాన్ని లాక్కుని సోడియాన్ని ఇస్తుంది. అప్పుడు మాంసకృత్తులు సాగి, కొవ్వునూ నీటినీ కలిపి పట్టుకుంటాయి. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ 1916లో తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ప్రాసెస్డ్ చీజ్ డబ్బా మీద ఎమల్సిఫయర్ అని సన్న అక్షరాల్లో రాసేది ఇలాంటి లవణాల గురించే. పాత చీజ్‌ను గొప్పగా చెప్పుకునేవాళ్లు ప్రాసెస్డ్ చీజ్‌ను చిన్నచూపు చూస్తారు. సూప్ విషయంలో ఆ చిన్నచూపు తగదు. రెండు ముక్కల ప్రాసెస్డ్ చీజ్ పడితే, వాటితో పాటు తురిమి వేసిన అసలు చెడ్డార్ కూడా బుద్ధిగా కరుగుతుంది. పిజ్జా మీద తీగలు సాగే మొజరెల్లా మాత్రం ఇక్కడ పనికిరాదు. చెంచాకు చుట్టుకుని పైకి లేస్తుంది, రుచికి కలిసిరాదు.

పాలు విరగకుండా కాచుకోవడం దగ్గర తెలుగు వంటింటికి కొత్తగా ఎవరూ చెప్పాల్సింది లేదు. మజ్జిగ పులుసు కాచే ఏ ఇల్లాలినైనా అడగండి. పుల్లటి మజ్జిగను నేరుగా పొయ్యి మీద పెడితే నిమిషాల్లో నీరూ తరకలూ వేరైపోతాయి. అందుకే ముందు శనగపిండినో, నానబెట్టి రుబ్బిన బియ్యాన్నో, కొబ్బరి ముద్దనో మజ్జిగలో చిలికి కలుపుతారు. సన్న సెగ పెట్టి, మొదటి పొంగు వచ్చేదాకా గరిటె ఆపరు. పిండిలోని గంజి పదార్థం వేడికి ఉబ్బి పాల కణాల మధ్య అడ్డంగా నిలబడుతుంది. అవి ఒకదానితో ఒకటి ముద్దకట్టే వీలుండదు. ఫ్రెంచి వంటవాళ్లు వెన్నలో మైదా వేయించి వైట్ సాస్ చేసేదీ, స్విస్ వాళ్లు ఫాండ్యూ గిన్నెలో కార్న్‌ఫ్లోర్ కలిపేదీ ఇదే పనికి. పేర్లు వేరు, పిండి వేరు, భయం మాత్రం ఒక్కటే. జొన్నపిండిని ముందు చన్నీళ్లలో జారుగా కలిపి, ఆ తర్వాతే మరిగే ఎసట్లో పోసే అంబలి పద్ధతి కూడా ఈ కుటుంబానిదే. పొడి పిండి ఎసట్లో పడితే ఉండలు కడుతుందన్న సంగతి మన పల్లెల్లో వంట పుస్తకాలకు చాలా ముందే తెలుసు.

ఇంతకీ సూప్ దగ్గరికి వద్దాం. నలుగురికి రెండు మక్క కంకులు, ఒక ఉల్లిగడ్డ, ఓ మోస్తరు ఆలుగడ్డ, ఐదారు వెల్లుల్లి రెబ్బలు చాలు. గింజలు వలిచాక కంకి బెండును పారేయకూడదు. రెండుగా విరిచి, మూడు కప్పుల నీళ్లలో పావుగంట మరిగిస్తే లేత పసుపు రంగులో తియ్యటి రసం దిగుతుంది. కూరగాయల సూప్‌కు ఇంతకంటే మంచి ఎసరు బజార్లో దొరికే ఏ పొడీ ఇవ్వదు. ఆ రసంలోనే గింజలూ ఆలుగడ్డా మెత్తగా ఉడికించి, సగం గింజలు పక్కకు తీసి, మిగతాది మెత్తగా రుబ్బుకోవాలి. పక్కకు తీసిన గింజలు చివర్లో పంటి కింద పడతాయి. పళ్లకు పనేమీ లేని సూప్ నాలుగు చెంచాలకే విసుగు పుట్టిస్తుంది.

వేరే గిన్నె అడుగు మందంగా ఉండాలి. రెండు పెద్ద చెంచాల వెన్న కరిగి నురగ తగ్గాక ఉల్లి, వెల్లుల్లి తరుగు వేసి, రంగు మారకుండా మెత్తబడనివ్వాలి. అందులో రెండు పెద్ద చెంచాల మైదా. ఇక్కడ రెండు నిమిషాలు గరిటె కదుపుతూ ఉంటే పచ్చిపిండి వాసన పోయి బిస్కెట్ వాసన మొదలవుతుంది. సరిగ్గా అక్కడ ఆగాలి. ఎర్రబడేదాకా వేయిస్తే పిండికి చిక్కబరిచే గుణం తగ్గుతుంది. గోరువెచ్చటి పాలు రెండు కప్పులు ఒక్కసారిగా పోయకూడదు. మొదటి గరిటెడు పాలకు గిన్నెలో పిండి ముద్దలా బిగుసుకుంటుంది. భయపడక్కర్లేదు, ఇంకో గరిటెడు పోసి రుద్దుతూ కలిపితే సడలుతుంది, మూడోదానికి నిగనిగలాడుతుంది. ఆ తర్వాత మిగతా పాలు పోసినా ఉండలు కట్టవు. పాల కవర్ ఎంచుకునేటప్పుడూ కాస్త చూసుకోవాలి. ఫుల్ క్రీమ్ పాలలో కనీసం 6 శాతం కొవ్వు ఉంటుంది, టోన్డ్ పాలలో 3 శాతం. కొవ్వు తక్కువైతే సూప్ పలచబడటమే కాదు, కారం కూడా సూటిగా తగులుతుంది.

రుబ్బిన మక్క ముద్దను ఈ పాలలో కలిపి ఒక పొంగు రానివ్వాలి. గరిటెను ముంచి తీసి, దాని వీపు మీద వేలితో గీత గీస్తే ఆ గీత చెరగకుండా నిలవాలి. అప్పుడు పొయ్యి ఆర్పేయాలి. చీజ్ వేసే వేళ ఇది. చాలామంది మరుగుతున్న సూప్‌లోనే చీజ్ వేసి ఇంకా మరిగిస్తారు; తరకలు కట్టే సూపుల్లో ఎక్కువ భాగం అక్కడే చెడతాయి. సెగ ఆరిన గిన్నెలో మిగిలిన వేడి తురిమిన చీజ్‌ను కరిగించడానికి పూర్తిగా సరిపోతుంది. గుప్పెడు వేసి, అది మాయమయ్యాక మరో గుప్పెడు. ఆఖరున పావు కప్పు మీగడ, చిలికినది. ఉప్పు చివర్లోనే చూడాలి, చీజ్‌లో ఉప్పు ముందే ఉంది.

ఇక కారం. సికింద్రాబాద్‌లో ఉండి కారానికి కరువేమిటి!

కానీ ఈ సూప్‌లో ఏ మిరప, ఏ దశలో వేయాలన్నదే అసలు ఆలోచన. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే మిరపకాయ నమిలి నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది, పెరుగు తింటే తగ్గుతుంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఆ మంట కణాలను నాలుక మీద నుంచి పట్టుకుపోతుంది. పెరుగన్నంలో ఊరగాయ కలుపుకునే ఇళ్లకు ఈ విషయం ప్రయోగశాల చెప్పకముందే తెలుసు. మీగడ సూప్‌లో దీనికి మరో ముఖం ఉంది. కొవ్వులో ఇమిడిన కారం నాలుకకు ఆలస్యంగా తగులుతుంది. మొదటి చెంచాకు ఏమీ తెలియదు, మూడోదానికి గొంతులో వెచ్చదనం, ఐదోదానికి నుదుట చెమట. వండేవాళ్లు ఒక చెంచా రుచి చూసి, కారం చాలలేదని ఇంకో చెంచా కారప్పొడి వేయడం వల్లనే బల్ల దగ్గర పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. రుచి చూశాక ఒక నిమిషం ఆగి అప్పుడు నిర్ణయించుకోవడం మంచిది.

రంగుకు ఒక మిరప, మంటకు ఒక మిరప అని విడదీసుకుంటే పని తేలిక. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్టిగా, లావుగా ఉండే ఆ కాయలో ఎర్రటి రంగు ఎక్కువ, కారం తక్కువ. దాని పొడిని వెన్నలో మైదాకు ముందు చిటికెడు వేస్తే సూప్ మొత్తం సంధ్య రంగు తిరుగుతుంది, నాలుక మండదు. మిరియాలు దించే ముందు అప్పటికప్పుడు దంచి వేయాలి. ముందే వేస్తే ఘాటు మిగిలి వాసన పోతుంది. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మిరపను తేకముందు దక్కన్‌లో కారానికి దిక్కు ఈ మిరియాలే కాబట్టి, ఆ వాసనకు గిన్నెలో చోటు ఇవ్వడం న్యాయం. గుంటూరు మిర్చిని మాత్రం గిన్నెలోకి రానివ్వకపోవడమే మంచిది. దాని చోటు వేరే ఉంది, ఆ సంగతి కాసేపట్లో.

చీజ్‌నూ మిరపనూ జోడించే జాతులు లోకంలో తక్కువేమీ లేవు. భూటాన్‌లో ఎమ దత్షి అనే కూరలో మిరపకాయే కూరగాయ. దాన్ని గుప్పెళ్ల కొద్దీ చీల్చి, చీజ్‌తో ఉడికించి, ఎర్ర బియ్యం అన్నంతో తింటారు. ఈక్వెడార్ కొండల్లో ఆలుగడ్డనూ చీజ్‌నూ కలిపి లోక్రో అనే సూప్ చేస్తారు, పక్కన అవకాడో ముక్కలు, విడిగా మిరప సాస్ పెడతారు. మెక్సికో ఉత్తరాన సొనోరాలో పచ్చిమిరపకాయలను కాల్చి, తొక్క తీసి, ఆలుగడ్డ, చీజ్ ముక్కలతో కాల్దో దె కేసో కాస్తారు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. భూటాన్ వంటలో కారం గురించి తినేవాళ్లకు మాటే లేదు. ఈక్వెడార్ వంటలో మిరప బల్ల మీద విడిగా ఎదురుచూస్తూ ఉంటుంది. మన స్వభావానికి దగ్గరగా ఉన్నది రెండోదే.

అందువల్ల ఇంట్లో ఈ సూప్ చేసేవాళ్లు గిన్నెలో కారాన్ని సగానికే ఆపి, మిగతా సగాన్ని బల్ల మీద పెట్టడం సరైన పద్ధతి. ఇది వండేవాళ్ల చేతకానితనం కాదు, తినేవాళ్ల పట్ల మర్యాద. ఒక చిన్న మూకుట్లో రెండు చెంచాల నెయ్యి వేడి చేసి, సన్నగా తరిగిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు అంచులు ఎర్రబడేదాకా వేయించి, పొయ్యి ఆర్పి, అప్పుడు గుంటూరు మిర్చి గింజలు గింజలుగా దంచినది వేస్తే నెయ్యి క్షణంలో ఎర్రగా మారుతుంది. పొయ్యి మీద ఉండగానే వేస్తే నల్లబడి చేదెక్కుతుంది. గుంటూరుకు ఇదే తగిన చోటు. ఆ ఎర్రనెయ్యిని చిన్న గిన్నెలో చెంచాతో పాటు బల్ల మధ్యలో పెట్టాలి. సూప్ మీద ఎవరికి వాళ్లు అర చెంచానో, రెండు చెంచాలో చుట్టూ తిప్పి పోసుకుంటారు. చంటిపిల్ల ఉన్న తల్లి తన గిన్నెలో పోసుకునే ముందే పిల్లకు రెండు చెంచాలు తినిపించేస్తుంది. కారం పడని పెద్దాయన మిరియాల పొడితో సరిపెట్టుకుంటాడు. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఆ చిన్న గిన్నెను ఖాళీ చేసేస్తాడు. కంచం దగ్గర మనుషులు తమ ఇష్టాన్ని ఇలా నెరవేర్చుకోవడం తెలుగు వంటింటి పాత సంస్కారం. మైదా, మీగడ, చీజ్ వచ్చాయని దాన్ని వదులుకోవాల్సిన అవసరం లేదు.

పులుపు కావాలనేవాళ్లూ ఉంటారు, తెలుగు నోరు పులుపు లేకుండా తృప్తి పడదు. టమాటా వేయాలంటే వెన్నలో బాగా మగ్గించి, వైట్ సాస్ సిద్ధమయ్యాక, టమాటాను కొంచెం కొంచెంగా పాలలోకి పోయాలి. మైదా ముందే కాపలా ఉంటుంది కాబట్టి పాలు విరగవు. నిమ్మరసమైతే పొయ్యి దరిదాపులకు రాకూడదు. బల్ల మీద, గిన్నె కాస్త చల్లబడ్డాక, ములిగటానీ రోజుల్లోలాగే చెక్క పక్కన పెట్టి ఊరుకోవాలి.

సూప్‌తో ఏం తినాలన్నదానికి సికింద్రాబాద్‌లో జవాబులు చాలా ఉన్నాయి. ఊళ్లోని పాత బేకరీల్లో పొద్దునా సాయంత్రం దిగే పావు రొట్టెను నిలువుగా చీల్చి, పెనం మీద వెన్నతో కాల్చి ముంచుకోవచ్చు. ఇరానీ హోటల్లో చాయ్‌కి తోడయ్యే ఉస్మానియా బిస్కెట్ తీపి కాబట్టి ఇక్కడ నప్పదు, ఉప్పు బిస్కెట్ అయితే బాగుంటుంది. జొన్నరొట్టె ముక్కలు మాత్రం చాలామంది ప్రయత్నించని జోడీ. జొన్నలోని కాస్త చేదు, కాస్త మట్టి వాసన చీజ్ ఉప్పదనానికి ఎదురు నిలబడతాయి. రొట్టె కూడా నానినా త్వరగా ముక్కలైపోదు.

మిగిలిన సూప్ రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి గట్టిగా పేరుకుంటుంది. పాడైందనుకుని పారేసేవాళ్లున్నారు, మైదాలోని గంజీ, చీజ్ కొవ్వూ చల్లదనానికి బిగుసుకోవడమే అది. అర కప్పు పాలు పోసి, సన్న సెగ మీద, మరగనివ్వకుండా కలుపుతూ ఉంటే మళ్లీ జారవుతుంది. అలా జారు చేయడం ఇష్టం లేకపోతే ఆ గట్టి ముద్దనే బ్రెడ్ మీద రాసి, పైన ఉల్లికాడ తరుగు, దంచిన మిర్చి చల్లి పెనం మీద కాల్చి ఇస్తే స్కూలుకు వెళ్లే పిల్లల టిఫిన్ డబ్బా ఖాళీగా తిరిగొస్తుంది. ఎర్రనెయ్యి మిగిలితే అది వేడి అన్నంలోకి, ముద్దపప్పు పక్కకి.